వంశధార, నాగావళి నీళ్ళను మనమే పరీక్షించి రాసుకోవడం ఎలా: సరిహద్దు ఊళ్ళకు సమగ్ర మార్గదర్శి

గుణుపురంలో తెల్లవారుజామున వంశధార రేవుకు వెళ్ళేవాళ్ళకు ఒకే నదిలో రెండు రకాల నీళ్ళు కనిపిస్తాయి. ఊరికి ఎగువన అడుగున ఇసుక కనబడేంత తేట నీళ్ళు. ఊరి మురుగు కలిసే చోటు దాటాక ఒడ్డు వెంబడి బూడిద రంగు చార. ఆ చార ఎంత దూరం పోతుంది, ఏ నెలలో ముదురుతుంది, అందులో ఏముంది అని అడిగితే జవాబు చెప్పేవారు ఉండరు. నీళ్ళు పాడైపోయాయని అందరూ అంటారు. ఎంత పాడయ్యాయో చూపించే కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

ఆ కాగితాన్ని తయారుచేసుకునే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. సైన్సు ఉపాధ్యాయుడిగా పిల్లలను వెంటబెట్టుకుని నెలనెలా రేవుకు వెళ్ళి నేర్చుకున్నది ఇది. రాయగడ, గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఉన్న తెలుగువాళ్ళం ఈ పని చేయడానికి మరో కారణం కూడా ఉంది. కలహండి కొండల వైపు నుంచి వచ్చే వంశధార, నాగావళి రెండూ మన ఊళ్ళను తాకి ఆంధ్రలోకి వెళతాయి. ఒకటి కళింగపట్నం దగ్గర, మరొకటి శ్రీకాకుళం దాటి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. మన చుట్టాలు చాలామంది ఆ నదుల మీది గొట్టా, తోటపల్లి బ్యారేజీల కాలువల కింద ఉన్నారు. హిరమండలం జలాశయం నీళ్ళు ఇప్పుడు మూత్రపిండాల వ్యాధితో నలిగిన ఉద్దానం పల్లెలకు తాగునీరుగా వెళుతున్నాయి. మన రేవు దాటిన నీళ్ళు ఎవరి బిందెలోకి చేరుతున్నాయో మనకు తెలుసు.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"నది నీళ్ళు మంచివేనా?" అన్నది కొలవగలిగిన ప్రశ్న కాదు. స్నానానికి మంచివా, పశువులకా, చేపలకా, వరికా, శుద్ధి చేసి తాగడానికా? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదీజలాలను వాడకాన్ని బట్టి ఎ నుంచి ఇ వరకు అయిదు తరగతులుగా విభజించింది. రేవుకు సంబంధించింది బి తరగతి, అంటే స్నానానికి పనికొచ్చే నీరు. దానికి పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె, 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి. బీఓడీ, అంటే నీటిలోని మలినాన్ని తినడానికి బాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మలకాలుష్యానికి గుర్తుగా లెక్కపెట్టే మొత్తం కోలిఫారం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండాలి. మామూలు శుద్ధి చేసి తాగే నీటికి, అంటే సి తరగతికి, ఆక్సిజన్ కనీసం 4, బీఓడీ 3 లోపు, కోలిఫారం 5000 లోపు. చేపలు బతికే డి తరగతిలో ఆక్సిజన్ కనీసం 4, స్వేచ్ఛా అమోనియా 1.2 మిల్లీగ్రాముల లోపు ఉండాలి.

ఈ అంకెలను నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. మీ ప్రశ్ననూ దాని కిందే రాయండి. మా పుస్తకంలో ఉన్న ప్రశ్న ఇది: "ఊరి మురుగు కలిసిన తరువాత నది స్నానానికి పనికొచ్చే స్థితికి తిరిగి ఎంత దూరంలో చేరుకుంటోంది?"

చోట్లు ఎంచుకోవడం

కనీసం మూడు చోట్లు కావాలి. ఒకటి మురుగు కలవడానికి ముందు, ఊరికి ఎగువన. రెండోది కలిశాక, నీళ్ళు బాగా కలగలిసిన చోట. మూడోది ఇంకా దిగువన. ఎగువ చోటు లేకుండా దిగువన ఎంత చెడ్డ అంకె వచ్చినా దానికి విలువ లేదు. "పైనుంచే అలా వస్తోంది" అని ఎవరైనా ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

రెండో చోటు విషయంలోనే చాలామంది పొరపడతారు. మురుగు నదిలో పడగానే అడ్డంగా పరుచుకోదు, ఒడ్డును పట్టుకుని చాలా దూరం పోతుంది. అక్కడ ఒడ్డు నుంచి ముంచితే దాదాపు మురుగే సీసాలో పడుతుంది. నడి నదిలో ముంచితే మురుగే లేదనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి చవకైన ఉపాయం ఉంది. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల) మీటరుతో నదికి అడ్డంగా ఎడమ ఒడ్డున, నడిమధ్యన, కుడి ఒడ్డున కొలవండి. మురుగులో ఉప్పులు ఎక్కువ కాబట్టి అది ఉన్న వైపు అంకె పెరుగుతుంది. దిగువకు నడుస్తూ కొలుస్తూ పోతే ఎక్కడో మూడు అంకెలూ ఒకటవుతాయి. అదే మీ రెండో చోటు.

మూడో చోటు అవసరానికి వేరే కారణం ఉంది. మురుగు పడిన చోటే ఆక్సిజన్ అన్నింటికంటే తక్కువగా ఉంటుందనుకుంటాం. కాని బాక్టీరియా ఆ మలినాన్ని తింటూ ఆక్సిజన్‌ను వాడుకోవడానికి సమయం పడుతుంది, ఆ లోపు నీళ్ళు ముందుకు సాగిపోతాయి. అందుకే ఆక్సిజన్ దిగువన ఎక్కడో అట్టడుగుకు పడి, ఆ తరువాత మెల్లగా కోలుకుంటుంది. మీ ఊరి మురుగు వల్ల పక్క ఊరి రేవులో చేపలు తేలడం ఇందువల్లే.

ప్రతి చోటికీ చెక్కుచెదరని గుర్తు పెట్టుకోండి: వంతెన స్తంభం, గుడి మెట్టు, పెద్ద బండ. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి రాసుకోండి. ఇసుక మేటలు ఏటా జరుగుతాయి కాబట్టి "ఇసుక దిబ్బ పక్కన" అని రాస్తే వచ్చే ఏడు ఆ చోటు దొరకదు.

ఏ రోజు, ఏ వేళ

నెలకొకసారి, ఒకే వేళకు. వేళ ఎందుకంత ముఖ్యమంటే, నాచు పగలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రంతా తిరిగి వాడుకుంటుంది. ఒకే రేవులో తెల్లవారుజామున 4 ఉన్న ఆక్సిజన్ మధ్యాహ్నం మూడింటికి 9 చూపించవచ్చు. ఎండలో నాచు బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడం వల్ల పీహెచ్ కూడా సాయంత్రానికి పెరుగుతుంది. మేము ఉదయం ఆరున్నరను ఎంచుకున్నాం. నది అత్యంత బలహీనంగా ఉండే ఘడియ అది. చేపలు చచ్చేదీ ఆ వేళే.

నెలవారీ కొలతలకు తోడు నాలుగు ప్రత్యేక సందర్భాలున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో నది సన్నబడి మురుగును పలచబరిచే శక్తి పోతుంది. జూన్‌లో మొదటి పెద్ద వాన పడినప్పుడు ఏడాదంతా వీధుల్లో, చేలల్లో పేరుకున్నదంతా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. వినాయక, దుర్గ నిమజ్జనాలకు ముందు ఒకసారి, ఆ రోజున ఒకసారి, వారం తరువాత ఒకసారి చూడాలి. పత్తికి మందు కొట్టే రోజుల్లో వాన పడితే మర్నాడు చూడాలి. మన రాయగడ జిల్లాలో పత్తి విస్తారంగా పండుతుంది కాబట్టి చివరిదాన్ని వదలకండి.

వరద రోజుల్లో నదిలోకి దిగవద్దు. 2017 జూలైలో ఒక్క రాత్రి వానకు రాయగడ దగ్గర కళ్యాణి నది పొంగి రైలు వంతెన కొట్టుకుపోయింది. మన కొండ గెడ్డలు, అంటే వాగులు, ఎంత వేగంగా పొంగుతాయో దాన్నిబట్టి తెలుస్తుంది. వానాకాలంలో వంతెన మీద నుంచి తాడు కట్టిన బకెట్టుతోనే నీళ్ళు తీయండి. ఏ కాలంలోనైనా ఇద్దరికి తక్కువగా వెళ్ళకండి.

సీసా ముంచడం

ఇక్కడ చేసిన తప్పును తరువాత ఏ ప్రయోగశాలా సరిదిద్దలేదు. ప్రవాహానికి ఎదురుగా నిలబడండి, మీ కాళ్ళు కదిపిన బురద వెనక్కి పోతుంది. సీసాను మూత తీసి బోర్లించి మోచేతి లోతుకు, అంటే సుమారు 30 సెంటీమీటర్ల కిందికి దించి, అక్కడ నోటిని ప్రవాహం వైపు తిప్పండి. పైన తేలే నురగ, ఆకులు లోపలికి రావు. మామూలు రసాయన పరీక్షకైతే అదే నీటితో మూడుసార్లు తొలిచి నాలుగోసారి నింపాలి. బాక్టీరియా పరీక్షకు ఇచ్చే శుద్ధి చేసిన సీసాను మాత్రం తొలవకూడదు, మూత లోపలి భాగాన్ని వేలితో తాకకూడదు, నిండా నింపకుండా పైన కొంచెం ఖాళీ వదలాలి. ఆక్సిజన్ సీసాకు దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదు.

సీసా మీద చోటు, తేదీ, వేళ, ముంచినవారి పేరు అక్కడికక్కడే రాసి, మంచుగడ్డలు వేసిన డబ్బాలో పెట్టాలి. బాక్టీరియా నమూనా ఆరు గంటల్లో ప్రయోగశాలకు చేరితే మంచిది, 24 గంటలు దాటితే పనికిరాదు. లోహాల పరీక్షకు నైట్రిక్ ఆమ్లం వేసిన సీసాను ప్రయోగశాలే ఇస్తుంది. పురుగుమందులకు ముదురు రంగు గాజు సీసాయే వాడాలి, ప్లాస్టిక్ పనికిరాదు.

రేవులోనే చూడవలసినవి

ఉష్ణోగ్రత, పీహెచ్, టీడీఎస్, తేటదనం. నాలుగూ కలిపి పది నిమిషాల పని. ఉష్ణోగ్రతను సీసాలో కాకుండా నదిలోనే చూడండి. ఈ అంకె లేకపోతే ఆక్సిజన్ అంకెకు అర్థం ఉండదు. స్వచ్ఛమైన నీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. కాబట్టి మే నెలలో 6.5 వస్తే నది దాదాపు నిండుగానే ఊపిరి పీలుస్తోందన్నమాట. జనవరిలో అదే 6.5 వస్తే అనుమానించాలి.

పీహెచ్ మీటరును ప్రతిసారీ బయలుదేరే ముందు పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాలి. దాని గాజు బుడగ ఎండిపోకూడదు. మొదటి ఏడాది నేను ఈ జాగ్రత్త తీసుకోలేదు. మూడు నెలల అంకెలు తప్పని తేలి ఆ పేజీల మీద అడ్డగీత కొట్టాల్సి వచ్చింది. ఆ నెలలు మళ్ళీ రావు. కాగితపు పట్టీలైతే రంగును ఎండలో కాకుండా నీడలో పోల్చండి.

ఎగువకూ దిగువకూ పీహెచ్‌లో ఒక అంకె తేడా కనిపించినా అది చిన్నది కాదు. ఆ కొలమానంలో ఒక్కో మెట్టు పదింతలు. అల్యూమినా శుద్ధిలో మిగిలే ఎర్ర బురద చాలా ఘాటైన క్షారం. కాగితం తయారీలో కట్టె నుంచి దిగే లిగ్నిన్ నీటికి ముదురు గోధుమ రంగునిస్తుంది. ఇలాంటి పరిశ్రమలున్న జిల్లాలో పీహెచ్, రంగు ఈ రెండూ ప్రతి పేజీలో తప్పక ఉండాలి. తెల్లవారుజామున పీహెచ్ 9 దాటితే అది నాచు పని కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

కరిగిన ఆక్సిజన్: అన్నింటికంటే విలువైన కొలత

ఒక్క పరీక్షే చేయగలిగితే ఇదే చేయండి. మీటర్లు ఉన్నాయి కాని ఖరీదైనవి, వాటి పొర తరచుగా మార్చాలి. వింక్లర్ పద్ధతి వందేళ్ళకు పైబడినదైనా ఇప్పటికీ ప్రమాణం అదే. మీ ఊరి కాలేజీ రసాయనశాస్త్ర విభాగాన్ని కలుపుకుంటే ద్రావణాలు అక్కడే దొరుకుతాయి. ఇందులో వాడే అజైడ్ విషం, ఆమ్లం గాఢమైనది. అందుకే ఈ భాగాన్ని పిల్లల చేతికి ఇవ్వవద్దు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా పెద్దలూ ముట్టవద్దు.

300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ లేకుండా నింపండి. పిపెట్ కొనను నీటిలో ముంచి 2 మిల్లీలీటర్ల మాంగనస్ సల్ఫేట్, ఆ తరువాత 2 మిల్లీలీటర్ల క్షార అయొడైడ్ అజైడ్ ద్రావణం వదలండి. బిరడా బిగించి తలకిందులుగా పదిహేనుసార్లు తిప్పండి. ఇప్పుడు సీసాను ఆకాశం వైపు ఎత్తి చూడండి. ఆక్సిజన్ బాగా ఉంటే లోపల గోధుమ రంగు మెత్తని ముద్దలు, నానిన బెల్లం విరిగినట్టు, మెల్లగా అడుగుకు దిగుతాయి. ఎగువ సీసాలో ఎప్పుడూ అదే రంగు. ఒక మే నెలలో దిగువ చోటు సీసాలో ఆ ముద్దలు లేత పసుపులో, ఇంచుమించు తెల్లగా దిగాయి. పూర్తిగా తెల్లగా దిగితే ఆక్సిజన్ లేనట్టే. అంకె వేయకముందే, పక్కపక్కన పెట్టిన ఆ రెండు సీసాలను చూసి పిల్లలు మాట్లాడకుండా నిలబడిపోయారు.

ముద్దలు దిగాక 2 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి కలిపితే అంతా కరిగి బంగారు పసుపు రంగు వస్తుంది. ఈ ఆమ్లం వేసే పనిని లాబ్‌లోనే చేయండి. మొదటి రెండు ద్రావణాలు రేవులో వేశాక సీసాను చీకట్లో పెడితే కొన్ని గంటలు ఆగవచ్చు. ఇందులో 200 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ గాఢత ఉన్న సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేయాలి, అంటే దాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ఎంత ఖర్చయిందో కొలవాలి. రంగు గడ్డి పసుపుకు తగ్గగానే కొద్దిగా గంజి ద్రావణం వేస్తే నీలంగా మారుతుంది. ఆ నీలం మొదటిసారి మాయమైన చుక్క దగ్గర ఆపండి. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌కు సమానం. వేరే లెక్క ఏమీ అక్కరలేదు. ఆగాక కాసేపటికి నీలం మళ్ళీ వస్తే పట్టించుకోకండి.

బీఓడీ అంటే ఇదే పరీక్షను రెండుసార్లు చేయడం. ఒకే చోట రెండు సీసాలు నింపి, ఒకదాన్ని అప్పుడే చూడాలి. మరొకదాన్ని చీకట్లో 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి చూడాలి. మన వాతావరణానికి తగినట్టు భారత ప్రమాణం పెట్టిన కొలత అది. రెండింటి తేడాయే బీఓడీ, అంటే నీటిలోని మలినాన్ని తినడానికి బాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్. మూడో రోజు సీసాలో కనీసం 1 మిల్లీగ్రాము మిగలాలి, తగ్గుదల కనీసం 2 ఉండాలి. మురుగు ఎక్కువుంటే మిగిలేది సున్నా అవుతుంది కాబట్టి ముందే పలచబరిచి ఆ నిష్పత్తితో గుణించాలి. ఇంక్యుబేటర్ లేకుండా ఇంట్లో చేసిన కొలతను ఇంటి కొలత అనే రాయండి.

మలకాలుష్యం

2007 వర్షాకాలంలో కాశీపూర్ ప్రాంతంలో కలరా ప్రబలి ఎందరో చనిపోయారు. మన కొండల్లో నీటి గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రమాదాన్ని లోహాలకూ రసాయనాలకూ ముందు పెట్టాలి.

జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకు ఇచ్చే పరీక్షా కిట్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు ఉంటాయి. ఒక్కో ఊరిలో అయిదుగురు మహిళలకు వాటిని వాడడంలో శిక్షణ ఇవ్వాలన్నది ఆ పథకంలో భాగం. మీ ఊరిలో ఆ అయిదుగురు ఎవరో కనుక్కోండి, వాళ్ళే మీ బృందానికి మొదటి సభ్యులు. సీసాలో గీత వరకు నీళ్ళు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, మలం కలిసిన నీరు నల్లగా మారుతుంది. అయితే ఇది బావులకు, బోర్లకు, ఇసుకలో తవ్వుకునే చలమలకు పనికొచ్చే పరీక్ష. బహిరంగ నది నీళ్ళు ఇంచుమించు ఎప్పుడూ నల్లబడతాయి, కాబట్టి నదికి అది కొత్తగా ఏమీ చెప్పదు. నదికి ప్రయోగశాలలో కోలిఫారం సంఖ్యే కట్టించాలి. స్నానపు నీటికి మల కోలిఫారం 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండడం వాంఛనీయం, 2500 గరిష్ఠ పరిమితి. పథకం కింద నడిచే నీటి పరీక్షా ప్రయోగశాలలు కొద్దిపాటి రుసుముకు సామాన్యుల నమూనాలనూ తీసుకుంటాయి. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ పొడి వేసి కాసేపు ఉంచాకే పారబోయండి.

రాళ్ళను తిప్పి చూడండి

సీసా ఆ క్షణం సంగతే చెబుతుంది. రాత్రి పన్నెండు గంటలకు ఎవరైనా విషం వదిలితే ఉదయం ఆరున్నరకు మీ మీటరుకు అది కనిపించకపోవచ్చు. రాళ్ళ కింద బతికే పురుగులు మాత్రం అక్కడే ఉంటాయి, వారాలు నెలల తరబడి ఆ నీటిలోనే ఉన్నవి కాబట్టి జరిగిందంతా వాటికి తెలుసు.

మోకాలి లోతు నీటిలో, రాళ్ళ మీద నీళ్ళు గలగలలాడే చోట, అరచేయంత రాయిని మెల్లగా ఎత్తి తెల్లని ప్లాస్టిక్ పళ్ళెంలో నీళ్ళు పోసి కడగండి. ఒక నిమిషం కదలకుండా చూడండి. మొదట అంతా చెత్తలా కనిపిస్తుంది, తరువాత చెత్తలో కొంత నడవడం మొదలుపెడుతుంది. మూడు సన్నని తోకలు, పొట్టకు రెండు పక్కలా ఆడుతున్న ఈకల్లాంటి మొప్పలు ఉన్నది మేఫ్లై పిల్ల. రెండు తోకలు, బల్లపరుపు శరీరం ఉన్నది స్టోన్‌ఫ్లై పిల్ల. ఇసుక రేణువులను జిగురుతో అంటించుకుని వేలి గోరంత గొట్టం కట్టుకుని అందులో ఉండేది కాడిస్ పురుగు. ఈ మూడూ ఆక్సిజన్ తగ్గితే బతకలేవు. ఇవి ఉన్న గెడ్డ ఆరోగ్యంగా ఉన్నట్టు. తూనీగ పిల్లలు, నత్తలు మధ్యరకం నీటిలోనూ ఉంటాయి. పళ్ళెంలో ఎర్రని సన్నని మిడ్జి పురుగులు, బురదలో తల దూర్చి తోక ఊపే ట్యూబిఫెక్స్ ఎర్రలు తప్ప మరేమీ లేకపోతే అక్కడ ఆక్సిజన్ చాలాకాలంగా తక్కువగా ఉందని అర్థం. వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ వల్లనే వచ్చింది. తక్కువ గాలిలో బతికే శక్తిని వాటికి అదే ఇచ్చింది.

వంశధార చాలా చోట్ల ఇసుక నది. ఇసుకలో సహజంగానే పురుగులు తక్కువ. కాబట్టి రాతి చోటును రాతి చోటుతోనే పోల్చండి. చూసినవి లెక్కపెట్టి తిరిగి నీటిలో వదలండి.

జలాశయమైతే

వంశధార ఉపనది మీద ఉన్న బడనాల జలాశయం వంటి నిలవ నీటికి పద్ధతి మారుతుంది. ఇక్కడ పైనుంచి కిందికి తేడా ఎక్కువ. ఎండాకాలంలో పై నీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, అడుగు నీటికి గాలి అందదు. పైన ఆక్సిజన్ 7 ఉన్నా అడుగున సున్నా కావచ్చు. గట్టి గాలివానకు ఆ అడుగు నీరు పైకి కలిసినప్పుడే చేపలు తేలుతాయి. అందుకే పైన, మధ్య, అడుగున మూడు లోతుల్లో నీళ్ళు తీయాలి. బరువు కట్టిన సీసా బిరడాకు వేరే దారం కట్టి, కావలసిన లోతుకు దించాక ఆ దారాన్ని లాగితే సీసా అక్కడే నిండుతుంది. ఈ సీసాలోకి గాలి చేరుతుంది కాబట్టి ఆక్సిజన్ అంకె కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి పక్కన రాయండి.

తేటదనానికి 20 సెంటీమీటర్ల గుండ్రని రేకును నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు మార్చి మార్చి వేయండి. నడిమధ్యన తాడు కట్టి పడవ నీడ పక్కన దించండి. కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనిపించిన లోతు, రెండింటి సగటు రాసుకోండి. నెలనెలా ఆ లోతు తగ్గుతుంటే నాచో, బురదో పెరుగుతోందన్నమాట. నీళ్ళ మీద పచ్చ రంగు పోసినట్టు తెట్టు కనిపిస్తే ఒక గాజు సీసాలో తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పచ్చదనమంతా పైకి తేలి పొరలా కడితే నీలి ఆకుపచ్చ నాచు అయివుండవచ్చు. వాటిలో కొన్ని విషాన్ని తయారుచేస్తాయి. ఆ నీటిని పశువులకు పెట్టవద్దని వెంటనే చుట్టుపక్కల చెప్పండి. కాచినా ఆ విషం పోదు.

మురుగు కాలువ లెక్క

నాణ్యతతో పాటు పరిమాణం తెలిస్తేనే బరువు తెలుస్తుంది. కాలువ వెడల్పు 1 మీటరు, నీటి లోతు 20 సెంటీమీటర్లు అనుకుందాం. పది మీటర్ల దూరం కొలిచి బత్తాయి పండును వదలండి. సగం మునిగి తేలుతుంది కాబట్టి గాలికి పక్కకు పోదు. 25 సెకన్లలో చేరితే పై నీటి వేగం సెకనుకు 0.4 మీటరు. అడుగు నీరు నెమ్మది కాబట్టి 0.85తో గుణిస్తే 0.34. దాన్ని 0.2 చదరపు మీటర్లతో గుణిస్తే సెకనుకు 68 లీటర్లు, రోజుకు సుమారు 58 లక్షల 75 వేల లీటర్లు. ఆ మురుగు బీఓడీ లీటరుకు 100 మిల్లీగ్రాములు అయితే రోజుకు దాదాపు 590 కిలోల మలిన భారం నదిలో పడుతున్నట్టు. బత్తాయిని అయిదుసార్లు వదిలి సగటు తీసుకోండి.

చేపలు తేలినప్పుడు

ఇది ముందే అనుకుని ఉంచుకోవలసిన పని, ఆ రోజు ఆలోచించే తీరిక ఉండదు. వెళ్ళిన వెంటనే ఆక్సిజన్ సీసా నింపండి, పీహెచ్ చూడండి, గాజు సీసాలో రెండు లీటర్లు తీయండి, కొత్తగా చనిపోయిన చేపలు రెండు మూడింటిని రేకు కాగితంలో చుట్టి మంచులో పెట్టండి. తెల్లవారుజామున పెద్ద చేపలు ముందు చనిపోయి, మిగిలినవి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆక్సిజన్ కొరత కావచ్చు. వేళతో పనిలేకుండా చిన్నా పెద్దా అన్నీ, కప్పలతో సహా ఒక్కసారిగా చస్తే విషమని అనుమానించాలి. ఆ చేపలను ఎవరూ వండుకోకుండా ఊరంతా చాటించండి.

అంకెలతో ఏమి చేయాలి

ప్రతి పది నమూనాల్లో ఒకదాన్ని జంటగా తీసి రెండు అంకెలూ దగ్గరగా వస్తున్నాయో లేదో చూసుకోండి. ఏడాదికి రెండుసార్లయినా అదే నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి మీ అంకెతో పోల్చండి. నచ్చని అంకెను చెరిపేయవద్దు, అడ్డగీత కొట్టి కారణం పక్కన రాయండి. మన ఇళ్ళలో తెలుగు, పిల్లల బడిలో ఒడియా. పుస్తకంలో మాటలు ఏ భాషలో ఉన్నా అంకెలు మాత్రం 1, 2, 3 అనే రాయండి. ఒడియా అంకెలను దిగువన ఆంధ్రలోని హిరమండలంలో చదవలేరు.

మీవాళ్ళు కొలిచినది చట్టం దృష్టిలో సాక్ష్యంగా నిలవదు. 1974 నాటి నీటి చట్టం ప్రకారం న్యాయస్థానంలో చెల్లేది కాలుష్య నియంత్రణ మండలి అధికారి పద్ధతి ప్రకారం తీసిన నమూనాయే. మీ పుస్తకం చేసే పని ఆ అధికారిని సరైన రోజున, సరైన వేళకు, సరైన చోటికి రప్పించడం. ఒకసారి ఫోటోలు మాత్రమే జతచేసి ఇచ్చిన మా అర్జీని ఒక కార్యాలయంలో వెనక్కి ఇచ్చారు. వేళ, చోటు, ఎగువ అంకె లేవన్నారు. మరుసటి అర్జీలో ఎనిమిది నెలల పట్టిక పెట్టాం, దాన్ని తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు.

అర్జీని ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని రాసి ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి రాయగడ ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి, ఊరి మురుగైతే పురపాలక కార్యాలయానికి ఒక ప్రతి ఇవ్వండి. లోతట్టు జలాల్లోకి వదిలే వ్యర్థజలానికి సాధారణ పరిమితులు ఇవి: పీహెచ్ 5.5 నుంచి 9, లీటరుకు బీఓడీ 30, సీఓడీ (మలినాన్ని రసాయనాలతో మార్చడానికి కావలసిన ఆక్సిజన్) 250, తేలాడే ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములు. కాలువ నోటి దగ్గరి అంకెలను వీటితోనూ, నది అంకెలను తరగతుల పట్టికతోనూ పోల్చాలి. ఈ రెండింటినీ కలపవద్దు. పెద్ద పరిశ్రమలకు బిగించే నిరంతర పరిశీలన యంత్రాల లెక్కలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పని జరగకపోతే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది. ఒడిశావారికి కోల్‌కతా ధర్మాసనం, ఆంధ్రవారికి చెన్నై ధర్మాసనం. నది ఒక్కటే అయినా అర్జీ వెళ్ళే దారులు రెండు, కాబట్టి దిగువ ఊళ్ళవారి పుస్తకం కూడా మీ పుస్తకంతో కలిసి నడవాలి. మేము ప్రతి నెలా పేజీని ఫోటో తీసి గొట్టా బ్యారేజీ పక్క ఊళ్ళో ఉన్న మిత్రుడికి పంపుతాం, ఆయన తన పేజీ పంపుతారు. వంతెన స్తంభం దగ్గర ఏప్రిల్‌లో మాకు పడిపోయిన ఆక్సిజన్ ఆయన రేవుకు వెళ్ళేసరికి ఎంతవరకు కోలుకుందో ఆ రెండు పేజీలు పక్కన పెడితేనే కనిపిస్తుంది.

అర్జీ ఇచ్చిన రసీదు సంఖ్యను ఆ నెల పేజీలోనే రాయండి. వచ్చే నెల అదే వారం, ఉదయం ఆరున్నరకు, అదే బండ దగ్గర మళ్ళీ సీసా ముంచండి.